సోలార్ పార్కుకు చేను కౌలుకిస్తే రైతుకు మేలా, నష్టమా?

మెట్టచేను:
మాది అనంతపురం వైపు, తొమ్మిది ఎకరాల మెట్ట. ఏటా శెనక్కాయే వేస్తాం. వాన ముఖం చాటేస్తే విత్తనం ఖర్చు కూడా రాదు. సోలార్ కంపెనీ మనిషి ఒకాయన వచ్చి 28 ఏళ్లకు కౌలుకిమ్మంటున్నాడు. నాన్న సరేనన్నాడు, అమ్మ ససేమిరా అంటోంది. ఏం చేయమంటారు?

పావగడ_అల్లుడు:
ఇచ్చెయ్ తమ్ముడూ. మా అత్తగారిది పావగడ. కర్ణాటకే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్కడి పార్కు 2,050 మెగావాట్లు, దాదాపు 13,000 ఎకరాలు. రైతుల భూమి కొనలేదు, కౌలుకే తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. పట్టా రైతు పేరు మీదే. వాన పడినా పడకపోయినా మామయ్య ఖాతాలో డబ్బు పడుతుంది.

కూలిబిడ్డ:
మామయ్యకు పడుతుంది, సరే. ఆ చేలో కలుపు తీసినవాళ్లకు, కాయలు కోసినవాళ్లకు ఎవరిస్తారన్నా? పార్కు కట్టేటప్పుడు పని బాగానే దొరుకుతుంది. తర్వాత మిగిలేది ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా. అవి ఎంతమందికి సరిపోతాయి? కంచె పడ్డాక గొర్రెలవాళ్లు ఎక్కడికి తోలుకెళ్లాలి?

సబ్‌స్టేషన్_సత్తి:
అసలు చేలే ఎందుకు? ఒక్క మెగావాటుకు ఐదారు ఎకరాలు పోతాయి. రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయరు నీళ్ల మీదే 100 మెగావాట్ల ప్యానెళ్లు తేల్చింది, 2022లోనే పూర్తయింది. ఇంటి కప్పు మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ ఉంది.

పావగడ_అల్లుడు:
లెక్క వెయ్యి సత్తీ. పావగడంత కరెంటు కప్పుల మీద తీయాలంటే ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున దాదాపు ఏడు లక్షల ఇళ్లు కావాలి. రేకుల ఇళ్లవాళ్లు ఏం చేయాలి?

సబ్‌స్టేషన్_సత్తి:
లెక్క ఒప్పుకుంటా. కానీ మా దగ్గర సాయంత్రం ఏడింటికి ఊరంతా లైట్లు వేస్తుంది, అప్పటికి నీ 2,050 సున్నా. అందుకే కర్నూలు వైపు పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే ప్రాజెక్టు పెట్టారు. గాలిమరలు రాత్రి కూడా తిరుగుతాయి, కానీ మన వైపు గాలి జోరంతా వానాకాలం నెలల్లోనే. ఇంకోటి, గాలిమరకు కావలసింది కాస్త చోటే, చుట్టూ పంట వేసుకోవచ్చు.

మెట్టచేను:
గాలిమర అడిగేవాళ్లెవరూ మా గడప తొక్కలేదన్నా! అమ్మ అడిగేది ఒకటే: "గట్లు చెరిపేస్తారు కదా, 28 ఏళ్లయ్యాక మన చేను ఏదో ఎవరు చూపిస్తారు?" ఒప్పంద పత్రం మొత్తం చదివాను. ప్యానెళ్లు, పునాదులు తీసేసి నేల చదును చేసి అప్పగిస్తామన్న మాట ఎక్కడా లేదు.

కూలిబిడ్డ:
అది రాయించకుండా సంతకం పెట్టొద్దు. సర్వే చేయించి హద్దులు పత్రంలో ఎక్కించండి. కౌలు ఆలస్యమైతే వడ్డీ ఎంతో కూడా రాయించండి. లీజు రిజిస్టర్ కావాల్సిందే.

మెట్టచేను:
ఇవన్నీ అడిగితే "పైవాళ్లతో మాట్లాడి సోమవారం వస్తా" అని వెళ్లాడు. నాన్న మాత్రం ఈసారి విత్తనం కొనలేదు.