జపాన్‌లో పిల్లలతో ప్రయాణం: మీ పిల్లలకు నిజంగా గుర్తుండిపోయినది ఏమిటి?

సన్నజాజి:

వచ్చే ఏప్రిల్‌లో నేను, మావారు, ఏడేళ్ల మా అబ్బాయి పది రోజుల పాటు జపాన్ వెళుతున్నాము. టోక్యో, క్యోటో, నారా, హిరోషిమా అని దారి ఖాయం చేసుకున్నాము. చూడవలసిన స్థలాల జాబితాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి కాబట్టి వాటి కోసం అడగడం లేదు. మూడేళ్ల క్రితం వాడిని మరో దేశం తీసుకువెళ్లినప్పుడు, మేము ఎంతో ఖర్చుపెట్టి, క్యూలో నిలబడి చూపించిన కోట గురించి వాడు ఒక్క మాటైనా చెప్పలేదు కానీ, హోటల్ మెట్ల మీద పడుకున్న పిల్లి గురించి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. అందుకే జపాన్ వెళ్లి వచ్చిన పిల్లలు అక్కడ ఏం చూశారు, దేనికి భయపడ్డారు, దేనికి మురిసిపోయారు అన్నది మీ నోట వినాలని ఉంది. హిరోషిమా విషయంలో మాత్రం ఇంట్లో మాట కుదరడం లేదు. ఈ వయసులో వద్దని మావారు, దారిలోనే ఉంది కదా అని నేను. మీరైతే ఏం చేశారు?

రైలుపిచ్చి:

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆమెకు జపాన్ అంటే ఒక పిచ్చుక కూత. అక్కడ రైళ్లలో, బస్సుల్లో వాడే సుయికా కార్డును పెద్దవాళ్లు గేటు మీద ఆనిస్తే ‘పీ’ అని ఒక్కసారి మోగుతుంది, పిల్లల కార్డు ఆనిస్తే ‘పియో పియో’ అని పిచ్చుక పిల్ల కూసినట్టు మోగుతుంది. పిల్లల కార్డుతో పెద్దవాళ్లు ప్రయాణించకుండా సిబ్బంది చెవితో కనిపెట్టడానికే ఆ ఏర్పాటు. మా అమ్మాయికి మాత్రం ఆ గేటు తనను గుర్తుపట్టి పలకరిస్తున్నట్టే అనిపించింది. మొదటి రోజు గేటు దాటి, మళ్లీ వెనక్కి వెళ్లి దాటుతానని పేచీ పెడితే, వెనక ఉన్న జనానికి దారి ఇవ్వడానికి ఆమెను ఎత్తుకుని పక్కకు తీసుకురావలసి వచ్చింది. పాస్‌పోర్టు చూపించి వయసు రుజువు చేస్తే స్టేషన్ కౌంటరులో పిల్లల కార్డు ఇస్తారు. వరసలో నిలబడడం బద్ధకమై మీ కార్డుతోనే సరిపెట్టకండి.

ఛార్జీల సంగతి కూడా చెబుతాను. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం టికెట్. ఆరేళ్లు నిండని పిల్లలు పెద్దవాళ్ల వెంట ఉంటే, విడిగా రిజర్వు సీటు తీసుకోనంతవరకు, ఒక్కొక్క పెద్దకు ఇద్దరి చొప్పున ఉచితం. షిన్‌కాన్‌సెన్ అనే అతివేగ రైలులో టోక్యో నుంచి క్యోటో వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీట్లు తీసుకోండి, ఆకాశం తేటగా ఉంటే ముప్పావు గంట లోపే ఫుజి పర్వతం కనిపిస్తుంది. ఆ దారిలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 160 సెంటీమీటర్లు దాటే పెట్టె ఉంటే, దానికి చోటున్న సీటును ముందుగానే రిజర్వు చేసుకోవాలి.

ఇంకొక్కటి. బయలుదేరే ముందే గీతలు లేని చిన్న నోటుపుస్తకం ఒకటి కొని పెట్టుకోండి. అక్కడ చాలా స్టేషన్లలో టికెట్ గేటు దగ్గర ఒక బల్ల, దాని మీద సిరా పెట్టె, ఆ ఊరి గుర్తు చెక్కిన రబ్బరు ముద్ర ఉంటాయి. 1931లో ఫుకుయి స్టేషన్‌లో మొదలైన అలవాటు అది. పైసా ఖర్చు లేదు. రైలు మారవలసి వస్తే విసుక్కునే పిల్ల, ముద్ర కోసమని మమ్మల్ని ముందుండి లాక్కుపోయింది.

వానకోయిల:

నారా గురించి నేను రాస్తాను, ఎందుకంటే అక్కడ మా వాడు ఒకే గంటలో రాజయ్యాడు, ఏడ్చాడు, మళ్లీ రాజయ్యాడు. అక్కడి పార్కులో వెయ్యికి పైగా జింకలు కంచెలు లేకుండా మనుషుల మధ్యే తిరుగుతూ ఉంటాయి. 1957 నుంచి వాటిని జాతీయ సహజ స్మారకంగా కాపాడుతున్నారు. బియ్యపు తవుడు, గోధుమ పిండితో చేసిన పలుచటి బిళ్లలను కాగితపు పట్టీ చుట్టి అమ్ముతారు, జింకలకు పెట్టవలసింది అవే. మనం తల వంచితే జింక కూడా తల వంచుతుంది. మా ఆరేళ్లవాడు ఒకసారి వంగాడు, జింక వంగింది. రెండోసారి వంగాడు, అదీ వంగింది. మూడోసారి వాడికి నవ్వు ఆగక బిళ్లను వీపు వెనక దాచేసరికి, వెనక నుంచి వచ్చిన మరో జింక చొక్కా అంచును పళ్లతో పట్టి లాగింది. అంతే, ఏడుపు. తర్వాత తెలుసుకున్నదేమిటంటే, అవి తల వంచడం మర్యాద మాత్రమే కాదు, తొందరపెట్టడం కూడా. ఊరించకూడదు, వెంటనే పెట్టేయాలి. అయిపోగానే రెండు అరచేతులూ విప్పి చూపిస్తే అవి వాటి దారిన పోతాయి. చేతిలో మ్యాపు కూడా ఉంచుకోకండి, మా మ్యాపులో సగం నారా ఒక జింక కడుపులోకి వెళ్లింది.

ఏడుపు తీర్చింది పక్కనే ఉన్న తోదాయిజి ఆలయం. లోపల సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుడు ఉన్నాడు. మేము ఆ విగ్రహాన్ని చూస్తూ నిలబడితే, మావాడి కళ్లు ఒక స్తంభం అడుగున ఉన్న రంధ్రం మీద పడ్డాయి. అది బుద్ధుడి ముక్కు రంధ్రమంత ఉంటుందని, దానిలో నుంచి దూరి బయటకు వస్తే మేలు జరుగుతుందని అక్కడి నమ్మకం. మేము 2017లో వెళ్లినప్పుడు పిల్లలు వరస కట్టి దూరుతున్నారు. వీడు చేప జారినట్టు అవతల తేలాడు. వాళ్ల నాన్నగారు కూడా దూరబోయి భుజాల దగ్గర చిక్కుకుంటే, వరసలో ఉన్న ఒక ముసలాయన, ఇద్దరు బడి పిల్లలు కలిసి వెనక్కి లాగారు. నారాలో ఏం చూశావని ఎవరు అడిగినా వాడి జవాబు ఒకటే, ‘నాన్న బుద్ధుడి ముక్కులో ఇరుక్కున్నాడు’.

హిరోషిమా మాత్రం, నన్నడిగితే, ఏడేళ్లకు వద్దు. మేము అక్కడి అణుబాంబు మ్యూజియం లోపలికి తీసుకువెళ్లి తప్పు చేశాము. ఆ రాత్రి, మరుసటి రాత్రి కూడా వాడు దీపం ఆర్పనివ్వలేదు.

ఇద్దరి నాన్న:

వానకోయిల గారు చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. హిరోషిమాలో శాంతి స్మారక పార్కు వేరు, దానిలోని మ్యూజియం వేరు. మాకు పదేళ్ల అబ్బాయి, ఐదేళ్ల అమ్మాయి ఉన్నారు. పెద్దవాడిని నేను లోపలికి తీసుకువెళ్లాను, చిన్నదాన్ని వాళ్ల అమ్మ బయట పార్కులో ఉంచుకుంది. లోపల ఫోటోల ముందు వాడిని నిలబడనివ్వలేదు, కానీ ఒక మూడు చక్రాల సైకిలు దగ్గర వాడే ఆగిపోయాడు. 1945 ఆగస్టు 6 ఉదయం దాని మీద ఆడుకుంటున్న మూడేళ్ల పిల్లవాడు బాంబు దాడిలో చనిపోతే, తండ్రి ఆ సైకిలును కూడా పిల్లవాడితోపాటు పెరట్లోనే పాతిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. మావాడు చదివి, తుప్పు పట్టిన ఆ హ్యాండిలు వైపు చాలాసేపు చూసి, ‘చెల్లి సైకిలు కూడా ఇలాగే ఉంటుంది’ అన్నాడు. ఆ తర్వాత బయటకు వచ్చేంతవరకు మాట్లాడలేదు. దాన్ని భయం అని నేను అనను.

చిన్నదానికి పార్కులోనే కావలసినంత ఉంది. పిల్లల శాంతి స్మారకం దగ్గర అద్దాల గూళ్లలో రంగురంగుల కాగితపు కొంగలు దండలు దండలుగా వేలాడుతూ ఉంటాయి. బాంబు పడినప్పుడు రెండేళ్ల పిల్లగా ఉండి, 1955లో పన్నెండేళ్ల వయసులో రక్త క్యాన్సర్‌తో చనిపోయిన సదాకో ససాకి ఆస్పత్రి మంచం మీద అలాంటి కొంగలను మడుస్తూ గడిపింది. 1958లో ఆ స్మారకాన్ని నిలబెట్టడానికి ఆమె తోటి పిల్లలే పూనుకున్నారు. మా ఐదేళ్లదానికి ‘ఒక అక్కకు జబ్బు చేసింది, బాగవ్వాలని కొంగలు చేసింది’ అని మాత్రమే చెప్పాము. ‘బాగయ్యిందా?’ అని అడిగింది. లేదని చెప్పాము. అబద్ధం చెప్పాలనిపించలేదు. కాసేపటికి స్మారకం కింద ఉన్న గంటను తాడు పట్టి మోగించి, వచ్చి చెయ్యి పట్టుకుంది. కాబట్టి సన్నజాజి గారూ, ఊరిని మానుకోకండి, మ్యూజియాన్ని మీరిద్దరూ వంతుల వారీగా చూడండి. వంతు కాని వారు పిల్లవాడితో ట్రాములు ఎక్కవచ్చు. బాంబు పడిన మూడు రోజులకే మళ్లీ నడిచిన ట్రాములు అవి, ఆనాటి బండ్లలో కొన్ని ఇంకా ఉన్నాయి.

ఇక నవ్వుకునే సంగతి. అక్కడి మరుగుదొడ్లలో కుర్చీ పక్కన బొత్తాల పలక ఉంటుంది, అది పిల్లలకు విమానం నడిపే పెట్టెలా కనిపిస్తుంది. నీళ్లు చిమ్మే బొత్తం, శబ్దం వచ్చే బొత్తం, ఇవి ఎలా ఉన్నా పరవాలేదు. పెద్ద మరుగుదొడ్లలో సాయం కోసం పిలిచే అత్యవసర బొత్తం కూడా ఒకటి గోడ మీద ఉంటుంది. మా అమ్మాయి దాన్ని నీళ్లు వదిలే బొత్తం అనుకుని గట్టిగా నొక్కింది. బయట దీపం వెలిగి, అలారం మోగి, ఇద్దరు సిబ్బంది పరుగున వచ్చి తలుపు తట్టారు. తలుపు తీస్తే లోపల ఐదేళ్ల పిల్ల, చేతిలో సబ్బు నురగ. వాళ్లు కోప్పడకపోగా, పాపకు ఏమీ కాలేదు కదా అని మమ్మల్నే పదే పదే అడిగారు. ఆ బొత్తం ఎలా ఉంటుందో ముందే చూపించి పెట్టండి.

గవ్వల సంచి:

ఇక్కడ అందరూ తల్లిదండ్రులుగా రాస్తున్నారు. నేను ఆ పిల్లను. 2009లో, తొమ్మిదేళ్లప్పుడు, అమ్మానాన్నలతో, అన్నయ్యతో టోక్యో వెళ్లి, యమానోతె లైనులో తప్పిపోయాను. అది నగరాన్ని చుట్టి వచ్చే రైలు వలయం. ఉయెనోలో వాళ్లు ముగ్గురూ దిగారు. నేను కిటికీలో నుంచి పసుపు టోపీలు పెట్టుకున్న చిన్నపిల్లల వరసను చూస్తూ ఒక్క అడుగు ఆలస్యం చేశాను, తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అమ్మ ముఖం నడవడం మొదలుపెట్టింది. రైలు కదులుతోందని నాకు తోచలేదు, అమ్మే నన్ను వదిలి వెళుతోందనుకున్నాను.

ఏడవలేదు. ఏడిస్తే అందరూ చూస్తారని సిగ్గు. ఆ పెట్టెలో అంత నిశ్శబ్దం. పక్కన కూర్చున్న బామ్మగారు తన సంచి ఒళ్లో నుంచి తీసి, నా చెయ్యి పట్టుకుని, తర్వాతి స్టేషన్ ఉగుయిసుదానిలో నాతోపాటు దిగారు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న స్టేషన్ ఉద్యోగి నా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏదో అడిగారు, ‘మైగో’ అన్న ఒక్క మాటే నా చెవిలో మిగిలింది. తప్పిపోయిన పిల్ల అని దాని అర్థమని తర్వాత తెలిసింది. ఆ ఉదయం నాన్న నా జేబులో హోటల్ కార్డు పెట్టి, పోగొడితే ఊరుకోనని బెదిరించారు. జపనీస్ భాషలో అడ్రసు ఉన్న ఆ కార్డు తీసి ఇచ్చాను. ఆయన ఫోన్ చేశారు, ఉయెనోలో నాన్న అప్పటికే గేటు దగ్గర ఉద్యోగులతో మాట్లాడుతున్నారట. అంతా కలిపి ఇరవై నిమిషాలు కూడా కాదని నాన్న అంటారు. నా లెక్కలో అది ఒక పూట.

బామ్మగారు వెళ్లిపోతూ నా చేతిలో ఐదు యెన్‌ల నాణెం పెట్టారు. పసుపుపచ్చగా, మధ్యలో చిల్లుతో ఉంటుంది. ‘గో-ఎన్’ అంటే ఐదు యెన్‌లు, అదే పలుకుకు ‘అనుబంధం’ అన్న అర్థం కూడా ఉందని ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. దానికి ఎర్ర దారం కట్టి ఇప్పటికీ దాచుకున్నాను.

కాబట్టి నేను చెప్పేవి రెండే. హోటల్ కార్డు మీ దగ్గర కాదు, పిల్లవాడి జేబులో ఉండాలి. రైలులో ఉండిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి, అక్కడే నిలబడమని, యూనిఫాం వేసుకున్నవారికి కార్డు చూపించమని ముందే ఆటలాగా నేర్పండి. వీధిలో అయితే కోబన్ అనే చిన్న పోలీసు గదులు దాదాపు ప్రతి పేటలోనూ ఉంటాయి. ఇంకో మాట. దొరికాక అమ్మ నన్ను కొట్టింది, తర్వాత ఏడ్చింది. కొట్టడం నాకు గుర్తులేదు, అన్నయ్య చెబితేనే తెలుసు. అమ్మ ఏడవడం మాత్రం గుర్తుంది.

వానకోయిల:

మా ఇంట్లో శాకాహారమే కాబట్టి భోజనం సంగతి రెండు మాటల్లో చెబుతాను. కూరగాయల పులుసులా కనిపించేదానిలో కూడా చాలాసార్లు ‘దాషి’ అనే చేపల రసం ఉంటుంది, మాంసం లేదా అని మాత్రమే అడిగితే లేదనే చెబుతారు. ఉప్పు వేసిన అన్నం ముద్దలు, ఉడికించిన పచ్చి సోయా కాయలు, పండ్లు, పాలతో మావాడు పది రోజులు హాయిగా గడిపాడు. మేము మాత్రం చిక్కిపోయాము.

సన్నజాజి:

తిరిగి వచ్చి రెండు వారాలైంది. ఫుజి మేఘాల్లోనే ఉండిపోయింది, మావాడు అడిగిన ప్రతిసారీ ‘అదిగో, ఆ తెలుపు వెనక ఉంది’ అని చెప్పవలసి వచ్చింది. హిరోషిమాలో ఇద్దరి నాన్న గారు చెప్పినట్టే వంతులు వేసుకున్నాము. నేను లోపల ఉన్నంతసేపు తండ్రీకొడుకులు ట్రాములోనే తిరిగారు. నేను బయటకు వచ్చినప్పుడు నా ముఖం చూసి, లోపల ఏముందని వాడు అడగలేదు, తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. పెద్దయ్యాక వాడే అడుగుతాడని ఊరుకున్నాను.

హోటల్ కార్డును వాడు రోజుకు పదిసార్లు జేబులో తడిమి చూసుకున్నాడు, ఆఖరి రోజు హోటల్‌వారికి తిరిగి ఇవ్వబోతే వాళ్లే ఉంచుకోమన్నారు. నోటుపుస్తకంలో పదిహేడు ముద్రలు పడ్డాయి. వాటిలో నారా ముద్ర తలకిందులుగా పడింది. మరో పేజీలో సరిగ్గా వేద్దామంటే ఒప్పుకోలేదు. జింక వంగినప్పుడు దానికి అలాగే కనిపిస్తుందట.

రైలుపిచ్చి గారూ, క్యోటోలో రైలు మారే తొందరలో ముద్ర బల్ల వెతకలేకపోయాము. దానికోసం ఒక పేజీ ఖాళీగా వదిలి, రోజూ తెరిచి చూపిస్తున్నాడు. ఆ ముద్రలో ఏ బొమ్మ ఉంటుందో మీ అమ్మాయి పుస్తకంలో చూసి చెప్పగలరా?