నవలకి అర్థం చెప్పాల్సింది ఎవరు? రాసినవాళ్లా, చదివినవాళ్లా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
పోయిన ఆదివారం విజయనగరంలో ఒక పుస్తక పరిచయ సభకి వెళ్లాను. జూట్ మిల్లు కార్మికుల మీద నవల. అందులో మేస్త్రీ, జీతాల రోజున అందరికీ డబ్బులు పంచేశాక తన కవరు రెండుసార్లు లెక్కపెట్టుకుని చొక్కా లోపలి జేబులో దాచుకుంటాడు. వాడికీ భయమే అనిపించింది నాకు. లేచి అదే చెబితే రచయిత, "తప్పు చదివారండీ, వాణ్ణి విలన్‌గానే రాశాను" అన్నారు. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది. రాసినాయన మాటే ఫైనలా?

తోటపాలెం మాస్టారు (విజయనగరం):
కాక మరేటి? ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1967లో రచయిత చచ్చిపోయాడు, ఇక అర్థం పాఠకుడిదే అన్నాడని ఇప్పుడు ప్రతివాడూ పాడె మోసేవాడే. మా ఊళ్లోనే చూడండి. గురజాడ 1897లో వేసిన కన్యాశుల్కాన్ని తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మధురవాణి పాత్ర పెరిగింది అప్పుడే. పాఠకుల్ని ఓటేయమన్నారా?

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. చెప్పదలుచుకున్నది పుస్తకంలోకి ఎక్కించడానికే కదా ఆయన మళ్లీ రాసింది! మైకు పట్టుకుని వివరణ ఇవ్వలేదు. అమెరికన్ విమర్శకులు విమ్సాట్, బియర్డ్‌స్లీ 1946లో అన్నదీ ఇంచుమించు ఇదే: రచయిత మనసులో ఏముందో కాదు, కాగితం మీద ఏముందో చూడమని.

పాలకొండ బస్సు:
అలాగని ఎవరికి తోచింది వాళ్లు చదివేసుకోవచ్చా? కారా మాస్టారి 'యజ్ఞం' కథ చివర సీతారాముడు కన్నకొడుకునే నరికేస్తాడు. అది సరైన ముగింపేనా అని దశాబ్దాలుగా కొట్టుకుంటూనే ఉన్నారు, కొట్టుకోనివ్వండి. కానీ వాడికి పిచ్చి పట్టిందని తేల్చేస్తే ముందున్న అప్పు గొడవంతా చదవనట్టే. సంస్కృత అలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో రాసేవాడిది కారయిత్రి, ఆస్వాదించేవాడిది భావయిత్రి అని ప్రతిభని రెండు చేశాడు. చదవడానికీ ప్రతిభ కావాలన్నమాట. మనం ఆ సంగతి మర్చిపోయి హక్కుల గురించే మాట్లాడుతున్నాం.

తోటపాలెం మాస్టారు:
రాజశేఖరుణ్ణి తెస్తే నేనేం కాదంటాను! అయినా పాత్రని కన్నవాడికి తెలీదా, దాని బుద్ధి ఎలాంటిదో?

పాలకొండ బస్సు:
కన్నవాళ్లకే చివరాఖర్న తెలుస్తుంది మాస్టారూ. వీధిలోవాళ్లకి ముందు తెలుస్తుంది.

తోటపాలెం మాస్టారు:
సర్లెండి. ఆ కవరు సంగతి ఎన్నో పేజీలో ఉంది? నేను చదివినప్పుడు ఆగినట్టు లేదు.

నాగావళి ఒడ్డు:
142. నాది లైబ్రరీ కాపీ. ఆ పేరా పక్కన ఎవరో పెన్సిల్‌తో "పాపం" అని రాశారు. నా రాత కాదు.