నాయనకు హిజామా: మళ్ళీ తీసుకుపోవాలా, వద్దా?

ఆదోని అబ్బాయి
మా నాయన మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు పత్తి మూటలు మోశాడు. ఇప్పుడు నడుం పట్టేసి వంగలేడు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. ఎవరో చెబితే కర్నూలులో ఒక చోట హిజామా చేయించాం. వీపు మీద ఏడు కప్పులు పెట్టి, గాట్లు పెట్టి రక్తం లాగారు. ఆ తర్వాత వారం రోజులు నాయన హాయిగా నిద్రపోయాడు, కళ్ళారా చూశాను. కానీ చేసినాయన కప్పులో నల్లగా గడ్డకట్టిన రక్తం చూపించి, "ఇదే చెడురక్తం, ఇంకో మూడుసార్లు తీస్తే షుగరు మాత్రలు కూడా మానేయొచ్చు" అన్నాడు. నాయన నమ్మి రెండు రోజులుగా మాత్ర ముట్టడం లేదు. చెల్లెలేమో అంతా మోసమంటుంది. ఇంట్లో రోజూ గొడవ. ఏం చేయమంటారు?

ల్యాబ్ అక్క, కడప
తమ్ముడూ, ముందు మాత్ర వేయించు. వాదన తర్వాత చూద్దాం.

నేను రోజంతా రక్తం తీసే దాన్ని. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి రక్తమైనా గాజు గొట్టంలో కాసేపు కదపకుండా పెడితే వంకాయ రంగు జెల్లీలా గడ్డకడుతుంది. గొట్టం వంచితే మొత్తం ముద్దలా జారుతుంది. మీకు కప్పులో చూపించింది అదే. చెడును వడకట్టే పని మూత్రపిండాలది, కాలేయానిది. రక్తం తీస్తే షుగరు నయమయ్యేటట్టయితే, 350 మిల్లీలీటర్లు రక్తదానం చేసిన షుగరు పేషెంటు మర్నాటి నుంచి మాత్ర మానేయాలి కదా?

తాడిపత్రి రైతు
మా ఊళ్ళకు ఇలాంటివి ఎందుకొచ్చాయో అర్థం కాదు. ఎవరి మతం వైద్యం వాళ్ళు చేసుకుంటే సరిపోతుంది.

యునాని డాక్టర్, కర్నూలు
అన్నా, ఆ మాట నొప్పి కలిగించింది. సుశ్రుత సంహితలో వాతంతో చెడిన రక్తం లాగడానికి ఆవు కొమ్ము, కఫంతో చెడినదానికి ఎండిన సొరబుర్ర, పిత్తానికి జలగ అని స్పష్టంగా ఉంది. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పాపిరస్‌లోనూ ఈ పద్ధతి ఉందని చెబుతారు. చైనాలో కొమ్ములు వాడారు, గ్రీకులు వాడారు. అరబ్బీలో హిజామా అన్న మాటకు మూలం 'పీల్చడం'. ఇది ఒక మతం సొత్తు కాదు.

నేను ఐదున్నరేళ్ళు యునాని వైద్య డిగ్రీ బి.యు.ఎం.ఎస్. చదివి ఈ పని చేస్తున్నాను. నడుం నొప్పికి చాలాసార్లు గాట్లు లేకుండా పొడి కప్పులే పెడతాను. కానీ షుగరు మాత్ర మానమన్నవాడిని మా వృత్తివాడని ఒప్పుకోను. మా శాస్త్రంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ధాతువుల లెక్క ఉంది. చెడురక్తం అన్న మాట ఆ లెక్కలోది. దాన్ని తెచ్చి షుగరు మిషను అంకెకు ముడిపెట్టకూడదు.

తాడిపత్రి రైతు
క్షమించండి డాక్టర్ గారూ. కొమ్ము సంగతి చదవగానే మా జేజి చెప్పింది గుర్తొచ్చింది. ఆమె చిన్నప్పుడు ఒకాయన కొమ్ములు సంచిలో వేసుకుని వచ్చేవాడట. కొమ్ము మొనకు చిన్న రంధ్రం. నోటితో గాలి పీల్చి మైనంతో మూసేవాడట. ఆ లెక్కన మాదీ అదే వైద్యం.

ల్యాబ్ అక్క, కడప
పాతదైనంత మాత్రాన పనిచేస్తుందని కాదు కదా డాక్టర్ గారూ. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కప్పుల ఊదా మచ్చలు చూసి జనం ఈ వైద్యానికి ఎగబడ్డారు. ఆ మచ్చలంటే పీల్పుకు చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం చేరడమే. మెడ, నడుం నొప్పులకు కొంత ఊరట కనిపించిన పరిశోధనలున్నాయి, కాదనను. కానీ కప్పు పెట్టారో లేదో రోగికి తెలిసిపోతుంది. అందుకే ఆ ఊరటలో కప్పు వాటా ఎంతో, నమ్మకం వాటా ఎంతో తేల్చడం కష్టం. నడుం నొప్పి తనంతట తానే తగ్గి మళ్ళీ వస్తుంది కూడా.

యునాని డాక్టర్, కర్నూలు
ఊరట ఊరటే కదమ్మా. మాత్ర పడని మనిషి వారం నిద్రపోతే తక్కువ విషయమా? అది కొట్టిపారేయకండి. అబ్బాయీ, నీకు మూడు ప్రశ్నలు. బ్లేడు ప్యాకెట్టు నీ ముందే విప్పారా? కప్పులు కొత్తవేనా? మీ నాయన రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నాడా అని అడిగారా?

ఆదోని అబ్బాయి
మందుల సంగతి అడగలేదు సార్. బ్లేడు విప్పడం చూడలేదు. కప్పులు మాత్రం మూలన బకెట్టులో ఉన్నాయి, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాటిలోంచే తీసి తుడిచి పెట్టారు. అప్పుడు నాకు తట్టలేదు.

ల్యాబ్ అక్క, కడప
హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు ఇప్పుడొకసారి, ఆరు నెలలకు మళ్ళీ చేయించు. షుగరున్నవాళ్ళకు గాట్లు త్వరగా మానవు, వీపు రోజూ చూస్తుండు.

యునాని డాక్టర్, కర్నూలు
అక్క చెప్పినట్టు చెయ్యి. ఆ చోటికి మళ్ళీ పోవద్దు.

ఆదోని అబ్బాయి
నాయన రాత్రి మాత్ర వేసుకున్నాడు. "డాక్టర్ సాబే చెప్పినాడంటే సరే" అన్నాడు. రేపు పొద్దున పరగడుపున పరీక్షకు పోతున్నాం, చెల్లెలు కూడా వస్తానంది. బకెట్టు సంగతి నాయనకు ఇంకా చెప్పలేదు. దారిలో చెబుతాను.