1946 పైపర్ జె-3 కబ్: ఇరవై రెండేళ్లుగా షెడ్డులో ఉంది, మొదట దేని మీద చేయి వేయాలి?

పసుపురెక్క:
మా పెదనాన్నగారి విమానం ఇప్పుడు నా చేతికి వచ్చింది. 1946లో తయారైన పైపర్ జె-3 కబ్, 65 గుర్రాల శక్తి గల కాంటినెంటల్ ఎ-65 ఇంజను. చిన్నప్పుడు ముందు సీట్లో కూర్చుని, ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకువచ్చిన తీగను చూస్తూ ఎగిరాను. లోపల బెండుకు గుచ్చిన తీగ అది, పెట్రోలు తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. కబ్‌కు ఇంధన మీటరంటే అదే. ఆ తీగ ఇప్పటికీ అలాగే ఉంది.

పైకి విమానం బాగానే కనిపిస్తోంది. ఉక్కు గొట్టాల చట్రం మీద, రెక్కల మీద కప్పిన గుడ్డ రెండుచోట్ల చిరిగింది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. కొత్త ఆయిలు, పెట్రోలు పోసి ఒకసారి స్టార్టు చేసి, చిరుగులకు అతుకులు వేసి, ఆపైన తనిఖీకి ఇంజనీరును పిలుద్దామనుకుంటున్నాను. నాకు లైసెన్సు ఉంది, 140 గంటలు ఎగిరాను, అన్నీ ముక్కుచక్రం విమానాలే. ఈ వరుస సరైనదేనా?

పాతగొట్టం:
ముందు ఆ ప్రొపెల్లర్ మీద నుంచి చేయి తీయండి. స్విచ్ ఆఫ్‌లోనే ఉందని ధైర్యపడవద్దు. ఈ ఇంజనుకు బ్యాటరీతో పని లేదు, నిప్పురవ్వను మాగ్నెటోలే పుట్టిస్తాయి. స్విచ్ ఆఫ్ చేయడమంటే ఒక సన్నని తీగ ద్వారా మాగ్నెటోను ఎర్త్ చేయడమే. ఇన్నేళ్లలో ఆ తీగ తెగి ఉంటే, స్విచ్ ఎటు ఉన్నా మాగ్నెటో సజీవమే. స్పార్క్ ప్లగ్గులు విప్పే వరకు దాన్ని తిప్పనే తిప్పవద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. సిలిండరు గోడల మీద నూనె ఎప్పుడో ఆరిపోయి తుప్పు పట్టి ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ ఆ తుప్పు పిస్టన్ రింగుల కింద పడి గోడలను గీస్తుంది. ప్లగ్గు రంధ్రాల్లోంచి బోర్‌స్కోప్ (లోపలికి దూర్చి చూసే సన్నని గొట్టం) పెట్టి చూడండి. ఒక సిలిండరు విప్పించి వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్‌నూ ట్యాపెట్లనూ చూపించండి. రబ్బరు గొట్టాలన్నీ మార్చేయాలి, అందులో ఆలోచించేదేమీ లేదు.

అయినా నా బెంగ ఇంజను గురించి కాదు, మీరు వేయబోయే అతుకుల గురించి. నేను 1941 నాటి కబ్‌ను ఆరేళ్లు కష్టపడి మళ్లీ ఎగిరేలా చేశాను. మొదట నేనూ మీలాగే రెండు అతుకులతో అయిపోతుందనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి తోక దగ్గర అడుగున జానెడు గుడ్డ కోశాను. కబ్ ఎప్పుడూ తోక దించుకునే నిలబడుతుంది. లోపలికి చేరిన ప్రతి నీటిబొట్టూ కింది గొట్టాల వెంట జారి చివరికి అక్కడికే వస్తుంది. గొట్టం మీద రంగు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్లాను. మూరెడు దూరం ఖంగుమని మోగిన గొట్టం చివరి నాలుగు అంగుళాల్లో బొంగురుగా పలికింది. మొన పెట్టి నొక్కితే రంగు పొరను చీల్చుకుని లోపలికి దిగిపోయింది. గొట్టం లోపలి నుంచి తుప్పుపట్టి, అక్కడ మిగిలింది రంగు మాత్రమే. దాని మీద కొత్త అతుకు వేసుకుని ఎగిరి ఉండేవాడిని! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

రెక్కలను మోసే స్ట్రట్లదీ ఇదే కథ. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి. పైపర్ స్ట్రట్ల తనిఖీ గురించి 1993లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రత్యేకంగా ఆదేశమే ఇచ్చింది. ఇక రెక్కల లోపల ఎలుకలు గూడు కట్టి ఉంటే, వాటి మూత్రానికి రెక్కకు ఆకారమిచ్చే అల్యూమినియం రిబ్బులు తెల్లటి పొడిగా రాలిపోతాయి. ఇవేవీ గుడ్డ పైనుంచి కనిపించవు. గుడ్డ మొత్తం విప్పండి. విప్పే ముందు ప్రతి తీగకూ కప్పీకీ ఫోటో తీసుకోండి.

కొత్త గుడ్డ వేసే రోజు వస్తుంది చూడండి, అన్నాళ్ల కష్టం ఆ ఒక్క రోజుకే తీరిపోతుంది. పాలిస్టర్ గుడ్డను అంచుల వెంట జిగురుతో అంటించి ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. మొదట సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చివరగా 175 దగ్గర. పెట్టె మీద ఉన్న అంకెలను నమ్మవద్దు, థర్మామీటరుతో కొలుచుకోండి. ముడతలన్నీ కళ్లముందే సాగిపోయి, రెక్క మీద వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఆ తర్వాత ప్రతి రిబ్బుకూ గుడ్డను దారంతో కుట్టాలి. ఆ ముడి వలలు అల్లేవారి ముడికి దగ్గరి చుట్టం. మొదటి రిబ్బుకు నాకు ఒక పూట పట్టింది. చివరి రిబ్బు వచ్చేసరికి చేతులే వేసుకుపోయాయి.

తోకచక్రం:
పాతగొట్టంగారు చెప్పినదంతా చేయండి. నేను కబ్‌లాంటి టెయిల్‌వీల్ విమానాలు, అంటే ముక్కు కింద కాక తోక కింద చిన్న చక్రం ఉండేవి, నేర్పుతాను కాబట్టి ఒక్క మాట కలుపుతాను. గుడ్డ విప్పి ఉన్న ఆ నెలల్లోనే వేరే టెయిల్‌వీల్ విమానం మీద ఇన్‌స్ట్రక్టరుతో నేర్చుకోండి, మీ కబ్ తయారయ్యే వరకు ఆగవద్దు. ముక్కుచక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాల ముందు ఉంటుంది, అందుకే నేల మీద తనంతట తానే తిన్నగా సాగుతుంది. కబ్‌లో బరువు చక్రాల వెనక ఉంటుంది. తోక కాస్త పక్కకు జరిగితే, ఆ బరువు దాన్ని ఇంకా పక్కకు నెడుతుంది. చూస్తుండగానే విమానం గిర్రున తిరిగిపోతుంది. దిగాక స్టిక్కును పొట్టకు ఆనించి పట్టుకోండి, ముక్కు కదలక ముందే పెడళ్ల మీద పాదాలు కదలాలి. నా దగ్గరికి వచ్చే అనుభవజ్ఞులు కూడా చక్రాలు నేలను తాకగానే పని అయిపోయిందనుకుని పాదాలను వదిలేస్తారు. విమానం పూర్తిగా ఆగి, ఇంజను ఆపే వరకు ఎగురుతూనే ఉన్నారనుకోండి.

పసుపురెక్క:
ఆదివారం ప్లగ్గులు విప్పాను. తర్వాత తోక దగ్గర గుడ్డ కోశాను. ఎడమ గొట్టం ఖంగుమంది. కుడి గొట్టం మీద మొన దిగింది, దాదాపు మూడు అంగుళాల మేర. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఇది బాగవుతుందా?

పాతగొట్టం:
తప్పకుండా బాగవుతుంది. తుప్పు పట్టినంత మేర దాటి, మంచి ఇనుము దొరికే చోట కోసి, 4130 రకం ఉక్కు గొట్టం ముక్కను స్లీవుతో (అతుకు మీద తొడిగే గొట్టంతో) కలిపి వెల్డింగ్ చేస్తారు. విమానాల వెల్డింగ్ తెలిసినవారే చేయాలి, ఇంజనీరు సంతకం ఉండాలి. కోసే ముందు ఫ్రేమును జిగ్‌లో (కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) బిగించండి, లేకపోతే వేడికి తోక వంకరపోతుంది. వెల్డింగ్ అయ్యాక గొట్టం లోపల అవిసె నూనె పోసి, అన్ని వైపులా తిప్పి, వంపేసి మూసేయండి. కోసిన పాత ముక్క ఫోటో ఇక్కడ పెట్టండి, గోడ మందం ఎంత మిగిలిందో చూద్దాం.