స్టేషన్‌లో సరదాకు తీసిన ఫొటోను అమ్మితే అది వ్యాపారం కిందికి వస్తుందా?

నమస్కారం. మాది కావలి. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుపడ్డ బిట్రగుంట దగ్గరే కావడం వల్లనో ఏమో, నాకు చిన్నప్పటి నుంచి రైళ్లంటే ఇష్టం. సెలవు రోజుల్లో పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, దాని గడువైన రెండు గంటల్లోపే, పట్టాల మీదికి దిగకుండా ఫొటోలు తీసుకుంటూ ఉంటాను.

గత నెల ఒక స్టేషన్‌లో, వాన వెలిసిన సాయంత్రం, తడిసిన ప్లాట్‌ఫారం మీద సిగ్నల్ ఎర్రదీపం సాగినట్టుగా మెరుస్తుంటే ట్రైపాడ్ నిలబెట్టాను. అక్కడి భద్రతా సిబ్బందిలో ఒకరు వచ్చి, సెల్‌ఫోన్‌తో తీసుకుంటే తప్పులేదనీ, ట్రైపాడ్ పెడితే షూటింగ్ కిందే లెక్క అనీ చెప్పి ఆపించారు. పక్కనే రీల్ చేసుకుంటున్న కుర్రాణ్ణి మాత్రం ఎవరూ పలకరించలేదు. నేను వాదించలేదు.

సినిమాలకూ ప్రకటనలకూ తీసేవాటికి ముందస్తు అనుమతి, రుసుము తప్పవని నాకు తెలుసు. అసలు చిక్కు వేరే ఉంది. ఒంగోలులో ప్రింటింగ్ ప్రెస్ నడిపే మా బావ ఆ రోజు తీసిన ఫొటోల్లో ఒకదాన్ని క్యాలెండర్‌కు తీసుకుని డబ్బు ఇస్తానంటున్నాడు. తీసినప్పుడు లేని వ్యాపార ఉద్దేశం అమ్మినప్పుడు వచ్చి చేరినట్టేనా? అనుమతి ఇప్పుడు అడగవచ్చా? అడగాలంటే విజయవాడ డివిజన్ కార్యాలయంలోనా, లేక జోన్ ప్రజా సంబంధాల అధికారి వద్దనా? ట్రైపాడ్ గురించి రాతపూర్వకమైన ఉత్తర్వు ఏదైనా చూసినవారు దాని సంఖ్య, తేదీ తెలియజేస్తే, ఈసారి జేబులో పెట్టుకుని వెళ్తాను.