అప్‌డేట్: నాన్నగారి గొంతు గురించి

క్యాన్సర్ వల్ల నాన్నగారి స్వరపేటిక తీసేశారని, శబ్దం లేకుండా పెదాలు కదిపితే మాట పలికించే పరికరం కొనడానికి దొరుకుతుందా అని ఇదివరకు అడిగాను కదా. మొన్న స్పీచ్ థెరపిస్ట్‌ను కలిశాం.

మీలో ఒకరు చెప్పిన ఎంఐటీ వాళ్ల ఆల్టర్‌ఈగో అనే పరికరం గురించి చదివాను. దవడ, ముఖం మీది సెన్సర్లు కండరాలకు వెళ్లే సన్నటి విద్యుత్ సంకేతాలను పట్టుకుంటే, కంప్యూటర్ వాటిని మాటలుగా గుర్తుపడుతుంది. 2018లో 92 శాతం కచ్చితత్వం అన్నారు గానీ, ఆ పరీక్షలో వాడినవి చాలా కొద్ది మాటలే. కౌలు లెక్కలు మాట్లాడే మా నాన్నగారికి అవి ఏ మూలకి?

అందుకని ప్రస్తుతానికి ఎలక్ట్రోలారింక్స్ తీసుకున్నాం, అంటే మెడకు ఆనించి పెదాలు కదిపితే తన కంపనంతో మాట పలికించే చేతి పరికరం. రేడియేషన్‌తో మెడ చర్మం గట్టిపడింది, అక్కడ ఆనిస్తే బుర్రుమనే చప్పుడే తప్ప మాట రాలేదు. థెరపిస్ట్ గారు చెంపకు ఆనించమన్నారు. "మజ్జిగ" అన్నది అందరికీ అర్థమైంది! రోబో గొంతేననుకోండి, అయినా అమ్మతో వాదనలు మళ్లీ మొదలయ్యాయి. "హ" మాత్రం అస్సలు పలకడం లేదు.

మాట రావడానికి గొంతులో అమర్చే వాల్వ్ సంగతి వచ్చే నెల సర్జన్‌ను అడుగుతాం. బెంగళూరు డాక్టర్ విశాల్ రావు బృందం చేసిన చవక వాల్వ్ ఎవరైనా వాడుతుంటే శుభ్రం చేయడం ఎలా ఉందో చెప్పండి.