అమ్మానాన్నలతో న్యూజీలాండ్ కారు ట్రిప్: ఈ ప్లాన్ కుదురుతుందా?

బోడుప్పల్_డ్రైవ్ అడిగారు:

నమస్తే అండి. నవంబరు రెండో వారంలో నలుగురం న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. నాన్నకి 71 ఏళ్లు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకి 66. మోకాళ్ల నొప్పులు, ఘాట్ రోడ్డు అంటే కళ్లు తిరుగుతాయి. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌లో దిగుతాం, మళ్లీ అక్కడే ఎక్కుతాం. మొత్తం 12 రోజులు.

ప్లాన్ ఇది. దిగిన రోజే కారు తీసుకుని టెకపో. మర్నాడు మౌంట్ కుక్ చూసుకుని రాత్రికి క్వీన్స్‌టౌన్. అక్కడి నుంచి ఒక్క రోజులో మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, పడవలో చూస్తారు) వెళ్లి రావడం. తర్వాత వనాకా, ఫ్రాంజ్ జోసెఫ్, హొకిటికా, ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్. మిగిలిన రోజుల్లో కైకౌరా, వీలైతే పిక్టన్‌లో ఫెర్రీ ఎక్కి వెల్లింగ్టన్. మ్యాప్‌లో మిల్‌ఫర్డ్ రోజు తప్ప ఏ రోజూ అయిదారు గంటలు దాటలేదు. ఇది సరిపోతుందా? ఏ కారు తీసుకోవాలి? మన లైసెన్సు చాలా? అమ్మానాన్నల తిండి, మందుల సంగతి కూడా చెప్పండి.

దారిలెక్క:

దూరాలు సరిగ్గానే చూశారు, మనుషుల్ని లెక్కలో వేయలేదు. మ్యాప్ చెప్పే గంటలు ఆగకుండా నడిపేవాడికి. పెద్దవాళ్లు ఉన్న కారుకి ఆ టైముకి ఇంకో సగం కలపండి. బాత్రూమ్, టీ, ఫొటోలు, నాన్నగారి భోజనం టైము అన్నీ కలిసి మూడు గంటల దారి నాలుగున్నర గంటలవుతుంది. అందుకని రోజుకి మ్యాప్ లెక్కన మూడు గంటలు మించనివ్వకండి. ప్రతి ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉండండి. రోజూ పెట్టెలు సర్దడం, దించడం అమ్మగారి మోకాళ్లకి దారికంటే పెద్ద శిక్ష.

వెల్లింగ్టన్, కైకౌరా, ఫ్రాంజ్ జోసెఫ్ మూడూ తీసేయండి. వనాకా నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ దాదాపు 285 కిలోమీటర్లు, హాస్ట్ పాస్ మీదుగా వంపులే వంపులు, మధ్యలో పెద్ద ఊరు లేదు. కళ్లు తిరిగేవాళ్లకి ఆ రోజు నరకం.

దిగిన రోజు కారు ముట్టుకోకండి. నవంబరులో అక్కడి టైము మనకంటే ఏడున్నర గంటలు ముందు. క్రైస్ట్‌చర్చ్‌లో ఉదయం 9 అంటే మీ ఒంటికి రాత్రి ఒకటిన్నర. పైగా రాత్రంతా విమానంలో ఉంటారు. ట్యాక్సీలో హోటల్‌కి వెళ్లి, ఆ రోజు, మర్నాడు ఊళ్లోనే ఉండండి. బొటానిక్ గార్డెన్స్ చదునుగా ఉంటుంది, నడక తేలిక.

నేనైతే 11 రాత్రులు ఇలా పంచుతాను. క్రైస్ట్‌చర్చ్ 2, టెకపో 2, వనాకా 2, టె అనౌ (మిల్‌ఫర్డ్ దారిలో ఉన్న ఊరు) 2, క్వీన్స్‌టౌన్ 3. మూడో రోజు పొద్దున కారు తీసుకోండి. టెకపో సుమారు 225 కిలోమీటర్లు. ఆష్‌బర్టన్, జెరాల్డిన్, ఫెయిర్లీ మూడుచోట్లా ఆగొచ్చు, అన్నిచోట్లా పబ్లిక్ టాయిలెట్లు ఉంటాయి. మౌంట్ కుక్ ఊరు టెకపో నుంచి 105 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. దారిలో పుకాకి సరస్సు పక్కన పార్కింగ్ దగ్గరే కొండ ఎదురుగా కనిపిస్తుంది, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. టెకపో నుంచి వనాకా లిండిస్ పాస్ మీదుగా 200 కిలోమీటర్ల పైచిలుకు. వనాకా నుంచి టె అనౌకి వెళ్లేటప్పుడు మ్యాప్ క్రౌన్ రేంజ్ కొండ దారి చూపిస్తుంది. అది 1,076 మీటర్ల ఎత్తుకి ఎక్కి, క్వీన్స్‌టౌన్ వైపు హెయిర్‌పిన్ మలుపులతో దిగుతుంది. క్రామ్‌వెల్ మీదుగా కవరావ్ లోయ దారి పట్టండి. దూరం ఎక్కువే, కానీ అమ్మగారికి అదే మేలు.

చివర్లో కారు క్వీన్స్‌టౌన్‌లోనే అప్పజెప్పి, క్రైస్ట్‌చర్చ్‌కి విమానంలో వెళ్లండి. ప్రయాణం గంట. కారులోనైతే 480 కిలోమీటర్లు, ఆరు గంటల పైన. ఇంటర్నేషనల్ ఫ్లైట్ ఉన్న రోజు ఆ పని వద్దు. కారు వేరే ఊళ్లో వదిలితే అదనపు చార్జీ ఉంటుంది, బుకింగ్‌లోనే అడగండి. ఇంకో జాగ్రత్త: తిరుగు టికెట్ సిడ్నీ, మెల్‌బోర్న్ మీదుగా మార్చుకుంటే ఇండియన్ పాస్‌పోర్టుకి ట్రాన్సిట్ వీసా కావాలి.

తార్నాక_గేర్‌బాక్స్:

కారు సంగతి. నలుగురికీ నాలుగు పెద్ద సూట్‌కేసులైతే సెడాన్‌లో పట్టవు. టొయోటా ఆర్‌ఏవీ4 సైజు ఎస్‌యూవీ తీసుకుని, జంటకో పెద్ద పెట్టె, మనిషికో క్యాబిన్ బ్యాగు పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులకి సీటు నడుము ఎత్తులో ఉండాలి. సెడాన్‌లో కిందకి కూలబడాలి, పెద్ద ఫోర్ బై ఫోర్‌లో పైకి ఎగబాకాలి. క్యాంపర్‌వ్యాన్ పెద్దవాళ్లకి వద్దే వద్దు. రాత్రి పూట దాంట్లో పరుపు మీదకి ఎక్కడం, దిగడం కష్టం.

తెలంగాణ స్మార్ట్ కార్డ్ లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి అక్కడి చట్టానికి అది చాలు. అయినా ఆర్‌టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు. కౌంటర్ దగ్గర వాదన ఉండదు. అసలు లైసెన్సు లేకుండా పర్మిట్ ఒక్కటే పనికిరాదు. డిపాజిట్‌కి కారు నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. మీ ఆవిడకి లైసెన్సు ఉంటే రెండో డ్రైవరుగా పేరు రాయించండి, ఒక్కరి మీదే భారం పెట్టకండి. ఇన్సూరెన్సులో ఎక్సెస్ మొత్తం ఎంతో చదవండి. అంటే ప్రమాదం జరిగితే మీ జేబులోంచి ముందు కట్టాల్సింది. అద్దం, టైర్లు కవరవుతాయా అని విడిగా అడగండి. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిపర్స్ కాన్యన్ రోడ్డు చాలా కంపెనీల ఇన్సూరెన్సులో ఉండదు.

ఎడమ వైపు డ్రైవింగే కాబట్టి చేతికి కొత్త కాదు. తడబడేది వేరేచోట. ఊరి బయట లిమిట్ 100, ఊళ్లో 50. మలుపు ముందు పసుపు బోర్డు మీద 35, 45 అని ఉంటే అది నిజంగా ఆ మలుపుకి తగిన వేగం. ఒకే లేన్ వంతెనలు చాలా ఉంటాయి. గుండ్రటి బోర్డులో మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మీరు ఆగాలి. నీలం బోర్డు మీద మీ బాణం పెద్దగా, తెల్లగా ఉంటే మీదే ముందు. లైటు కొట్టి దూసుకుపోయే అలవాటు అక్కడ ప్రమాదం. స్టాప్ బోర్డు దగ్గర ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాలి. వెనక కార్లు చేరితే వెడల్పు చోట పక్కకి తీసి వెళ్లనివ్వండి.

బోడుప్పల్_డ్రైవ్:

చాలా థాంక్స్ అండి, ఫ్రాంజ్ జోసెఫ్, వెల్లింగ్టన్ తీసేశాను. మిల్‌ఫర్డ్ మాత్రం నాన్న ఎప్పటినుంచో అడుగుతున్నారు. టె అనౌలో ఉంటే ఆ రోజు తేలికవుతుందా?

దారిలెక్క:

తేలికవుతుంది. క్వీన్స్‌టౌన్ నుంచి ఒక వైపే 288 కిలోమీటర్లు. మనకి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, రెండు గంటలు పడవ ఎక్కి, రాత్రికి తిరిగి వచ్చినట్టు. టె అనౌ నుంచి 120 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే రెండున్నర, మూడు గంటలు.

టె అనౌలోనే ట్యాంక్ నింపండి, దారి పొడుగునా ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పొద్దున బయల్దేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. మంచు చరియల వల్ల వసంతంలో కూడా మూస్తారు, నవంబరులోనూ టైర్లకి మంచు చైన్లు అడగొచ్చు. కారుతో పాటే చైన్లు ఇస్తారేమో కనుక్కోండి. హోమర్ టన్నెల్ 1.2 కిలోమీటర్లు, లోపల వాలుగా, చీకటిగా ఉంటుంది. లైట్లు వేసి నెమ్మదిగా దిగండి. పడవ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బుక్ చేస్తే పరుగు ఉండదు. అమ్మానాన్నల్ని టెర్మినల్ దగ్గర దించి, తర్వాత పార్క్ చేయండి.

వాన పడితే మానుకోవద్దు, అక్కడ వానకే జలపాతాలు. వాన కాకుండా ఆ దారే భయమనిపిస్తే టె అనౌ నుంచి కోచ్ ఉంటుంది, మీరూ కిటికీలోంచి చూడొచ్చు.

అల్వాల్_ఆయుర్దాయం:

మందులు అసలు ప్యాకెట్లలో, డాక్టరు చీటీతో, క్యాబిన్ బ్యాగులోనే. మూడు నెలల మోతాదు మించకూడదు. ఇన్సులిన్ ఉంటే ఎండలో ఆపిన కారులో వదలకండి. ఏడున్నర గంటల తేడాకి డోసు ఎలా మార్చాలో బయల్దేరే ముందే డాక్టరుతో రాయించుకోండి. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వేసుకుంటుంటే ప్రయాణం రోజుల్లో ఏ టైముకి వేయాలో కూడా అడగండి. దారిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే.

ప్రమాదంలో దెబ్బ తగిలితే అక్కడి ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం (ఏసీసీ) టూరిస్టుల చికిత్స ఖర్చుకీ సాయం చేస్తుంది. గుండె నొప్పి, షుగర్ లాంటి జబ్బులకి వర్తించదు. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సులో షుగరు, బీపీ దాచకుండా రాయండి. లేకపోతే అవసరంలో క్లెయిమ్ తిరగ్గొడతారు. ఎమర్జెన్సీ నంబరు 111. మీ దారికి దగ్గర్లో ఆసుపత్రులు క్రామ్‌వెల్ దగ్గరి క్లైడ్‌లో, క్వీన్స్‌టౌన్ పక్కన ఫ్రాంక్టన్‌లో ఉన్నాయి.

తిండికి వంటగది ఉన్న మోటెల్ గది, గ్రౌండ్ ఫ్లోర్ అని అడిగి బుక్ చేయండి. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చు, కరెంటు 230 వోల్టులే, ప్లగ్ అడాప్టర్ మాత్రం కావాలి. బియ్యం, పప్పు, పెరుగు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. టెకపో, టె అనౌ చిన్న ఊళ్లు, పెద్ద సరుకులు క్రైస్ట్‌చర్చ్‌లోనే కొనుక్కోండి. తేనె, నెయ్యి, పాలకోవా, పండ్లు ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ, పొడులు సీలు వేసిన ప్యాకెట్లలో పెట్టి, విమానంలో ఇచ్చే ఫారంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ తిండి ఉందని తప్పకుండా రాయండి. రాస్తే మహా అయితే తీసుకుంటారు. రాయకపోతే అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల ఫైను. నడక బూట్లకి మట్టి ఉంటే కడిగి పెట్టుకోండి, అదీ చూస్తారు.